పదిహేనేళ్ళ పాఠకులు - కౌమార నవల

బాలసాహిత్యం గురించి మన సభల్లో అడపాదడపా చర్చ జరుగుతూనే ఉంది. స్త్రీవాద సాహిత్యం మీద, దళిత సాహిత్యం మీద, ముస్లింవాద సాహిత్యం మీద వాదోపవాదాలు నడిచాయి, సంకలనాలు వచ్చాయి. కాని పన్నెండేళ్ళకూ పద్దెనిమిదేళ్ళకూ మధ్యనున్న పాఠకుల గురించి మనం మాట్లాడుకున్నది చాలా తక్కువ. వాళ్ళు చందమామ వయసు దాటినవాళ్ళు. పెద్దల నవల పట్టుకుంటే "నీకిప్పుడే ఎందుకిది?" అని చేతిలోంచి లాక్కోబడే వయసువాళ్ళు. బడిలో పాఠ్యపుస్తకమూ, ఇంట్లో గైడూ తప్ప మూడో పుస్తకం వీళ్ళకు అవసరమని ఎవరూ అనుకోరు. మన విమర్శకులు కూడా అనుకోలేదు.

ఇంగ్లీషులో ఈ వయసువారి కోసం వచ్చే నవలల్ని 'యంగ్ అడల్ట్' నవలలంటారు. మనం కౌమార నవల అందాం. నాకు ఈ నవలలంటే ఇష్టం. హైస్కూల్లో తెలుగు చెబుతూ, నలభై దాటిన వయసులో ఈ చదువేమిటని తోటి ఉపాధ్యాయులు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికినవి దొరికినట్టు కొని చదివాను. చదివినవాటి మీద నా అభిప్రాయాలనూ, ఆ క్రమంలో నాకు తెలిసివచ్చిన కొన్ని సంగతులనూ పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కౌమార నవల అంటే ఏమిటి?

కథానాయకుడికి పదిహేనేళ్ళు ఉన్నంతమాత్రాన అది కౌమార నవల కాదు. నా పరిశీలనలో దానికి మూడు లక్షణాలున్నాయి. ఒకటి, కథ ఆ వయసు గొంతుతోనే నడుస్తుంది. పెద్దాయన వెనక్కి తిరిగి చూసుకుని చెప్పే జ్ఞాపకం కాదది. రెండు, సమస్యను పెద్దవాళ్ళు వచ్చి తీర్చరు. తీరినా తీరకపోయినా ఆ పిల్లలే దాన్ని ఎదుర్కోవాలి. మూడు, అన్నిటికంటే ముఖ్యమైనది. బాల్యంలో లోకం ఇంటిపెద్దల చాటున ఉంటుంది. కౌమారంలో ఆ చాటు తొలగిపోతుంది. తన కులమేమిటో, తండ్రి కూలి ఎంతో, పోలీసు ఎవరివైపు నిలబడతాడో, ఆడపిల్ల చదువు ఎక్కడ ఆగుతుందో మొదటిసారి లెక్కకు వస్తాయి. సమాజంతో జరిగే ఆ మొదటి ముఖాముఖి కౌమార నవలకు వస్తువు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఇదంతా ప్రచురణ వ్యాపారం పుట్టించిన విభాగం కాదా, వయసులవారీగా సరుకు అమ్ముకునే పద్ధతి కాదా అని. వ్యాపారం ఉన్నమాట నిజమే. అమెరికన్ గ్రంథాలయ సంఘం 1957లోనే ఈ వయసు పాఠకుల సేవల కోసం విడిగా ఒక విభాగం ఏర్పరచుకుంది. తర్వాత దశాబ్దాల్లో ప్రచురణకర్తలు ఆ బీరువాను పెద్ద బజారుగా మార్చారు. ప్రేమ త్రికోణాలూ, రక్తపిశాచాల వలపులూ ఆ బజారులో కుప్పలుగా ఉన్నాయి. అయితే పెద్దల నవల మాత్రం బజారులో లేదా? సీరియల్ నవలలు వారపత్రికల అమ్మకాల్ని మోసిన కాలం మనకు తెలియనిది కాదు. బజారు ఉందని నవలనే వదులుకోలేదు మనం. అందులో ఏది జీవితాన్ని చూపిస్తోందో, ఏది మభ్యపెడుతోందో వేరుచేశాం. ఆ పని ఇక్కడా చెయ్యాలి.

ఒక విద్యార్థిని రాసిన నవల

ఈ ధారకు మొదటి మైలురాయిగా చాలామంది చెప్పే నవల 'ది అవుట్‌సైడర్స్'. 1967లో వెలువడింది. రచయిత్రి ఎస్.ఇ. హింటన్ అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం టల్సా ఊళ్ళో హైస్కూల్ విద్యార్థిని. పదిహేనో ఏట రాయడం మొదలుపెట్టింది. సినిమా చూసి ఇంటికి నడిచివస్తున్న స్నేహితుణ్ణి డబ్బున్న పిల్లలు పట్టుకు కొట్టారన్న కోపం ఆ రచనకు ప్రేరణ. ఆ ఏడాదే బడిలో సృజనాత్మక రచన తరగతిలో ఆమెకు చాలా తక్కువ మార్కులు వచ్చాయి. ఆడపిల్ల రాసిందని తెలిస్తే మగ సమీక్షకులు తేలిగ్గా తీసిపారేస్తారని ప్రచురణకర్తలు పేరును పొడి అక్షరాలకు కుదించారు.

కథ చెప్పేది పోనీబాయ్ అనే పద్నాలుగేళ్ళ పిల్లవాడు. తల్లీ తండ్రీ ప్రమాదంలో పోయారు. ఇరవై ఏళ్ళ పెద్దన్న కాలేజీ ఆశ వదులుకుని, కూలిపని చేసి తమ్ముళ్ళను పోషిస్తుంటాడు. ఊరికి తూర్పున పేద పిల్లలు, గ్రీజర్లు. పడమట సంపన్నుల పిల్లలు, సోష్‌లు. ఒక రాత్రి సోష్‌లు పోనీబాయ్‌ని ఫౌంటెన్ నీళ్ళలో ముంచి చంపబోతుంటే, ప్రాణమిత్రుడు జానీ వాళ్ళలో ఒకణ్ణి కత్తితో పొడుస్తాడు. అక్కణ్ణించి పారిపోవడం, దాక్కోవడం, ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోవడం. చివరికి పోనీబాయ్ ఇంగ్లీషు మాస్టారికి రాసివ్వాల్సిన వ్యాసమే ఈ నవల అని తేలుతుంది.

ఊరిని వర్గాలుగా చీల్చి చూపించిన ఈ పుస్తకం ఏ సిద్ధాంత గ్రంథమూ చదవని పిల్ల రాసింది. తన కళ్ళముందున్నది రాసింది. అదే దాని బలం. బలహీనత కూడా అక్కడే ఉంది. డబ్బున్నవాళ్ళకూ వాళ్ళ బాధలు వాళ్ళకుంటాయి, ఇరువైపులవాళ్ళూ చూసే సూర్యాస్తమయం ఒకటే అనే ఓదార్పు దగ్గర నవల ఆగిపోతుంది. ఊరు ఎందుకు రెండుగా చీలిందన్న ప్రశ్న వెయ్యదు. మానవతావాదం సరిహద్దు అది.

ఈ కథను నేను తొమ్మిదో తరగతి పిల్లలకు ఖాళీ పీరియడ్లలో కొన్నాళ్ళపాటు తెలుగులో చెప్పాను. ఈ ఓదార్పు వాళ్ళకు అంతగా పట్టలేదు. "ఆ డబ్బున్నోళ్ళలో ఒక్కడన్నా జైలుకు పోయిండా సార్?" అని ఒకడు అడిగాడు. "ఆడపిల్లలకు ఆ కథల పనేం లేదా?" అని మరో అమ్మాయి అడిగింది. ఈ రెండు ప్రశ్నలూ మంచి విమర్శ వ్యాసానికి సరిపోయే ప్రశ్నలు.

ఈ నవల గురించి తెలుసుకున్న మరో సంగతి నన్ను ఇంకా ఆలోచింపజేసింది. 1980లో కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రెస్నో ప్రాంతంలోని లోన్ స్టార్ స్కూల్ లైబ్రేరియన్, వందకు పైగా పిల్లల సంతకాలతో, దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కప్పోలాకు ఉత్తరం రాసింది. మాకు ఇష్టమైన ఈ నవలను మీరు సినిమాగా తియ్యాలని. 1983లో ఆయన తీశాడు. అప్పటికి ఆ నవల వచ్చి పదహారేళ్ళయింది. అంతకాలం దాన్ని బతికించినది పిల్లలు ఒకరికొకరు చెప్పుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం. పుస్తకాన్ని ప్రేమించడం ఈ వయసులో ఒంటరి పని కాదు. నచ్చిన పుస్తకం ఇంకొకరిచేత చదివించేదాకా నిద్రపట్టదు వాళ్ళకు.

మూడు వేళ్ళు

ఇక బజారు నడిబొడ్డున పుట్టిన నవలను తీసుకుందాం. సుజాన్ కాలిన్స్ రాసిన 'ది హంగర్ గేమ్స్' 2008లో వచ్చింది. 2010 నాటికి మూడు భాగాలయింది. తర్వాత సినిమాలు, బొమ్మలు, బిళ్ళలు, నానా సరుకూ వచ్చాయి. ఇందులో పానెమ్ అనే ఊహాదేశం ఉంది. కాపిటల్ అనే భోగనగరం పన్నెండు జిల్లాల శ్రమను పీల్చుకు తింటుంది. ఒకప్పుడు తిరగబడ్డందుకు శిక్షగా ప్రతి జిల్లా ఏటా ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ పంపాలి. వయసు పన్నెండు నుంచి పద్దెనిమిది. ఆ ఇరవైనలుగురూ ఒక్కరు మిగిలేదాకా ఒకరినొకరు చంపుకోవాలి. దేశమంతా దాన్ని టీవీలో చూడాలి. బొగ్గుగనుల జిల్లానుంచి చెల్లెలికి బదులుగా వెళ్ళిన పదహారేళ్ళ కాట్నిస్ కథ చెబుతుంది.

ఆకలిగొన్న ఇంటివాళ్ళు అదనపు తిండిగింజల కోసం తమ పిల్లల పేర్లు చీట్లలో ఎక్కువసార్లు వేయించుకుంటారు. కాబట్టి చావు చీటీ పేదపిల్లకే తగిలే అవకాశం ఎక్కువ. లాటరీ అందరికీ సమానమేనని కాపిటల్ అంటుంది. సమానావకాశం అనే మాటలోని మోసాన్ని ఇంత సూటిగా చెప్పిన కల్పన నేను ఎక్కువగా చదవలేదు. ప్రవేశపరీక్షల కాలంలో బతుకుతున్న మన పిల్లలకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

మూడో భాగంలో మాత్రం తిరుగుబాటు నాయకురాలు కూడా మరో నియంతగా తేలుతుంది. కాట్నిస్ చివరికి ఇంటిగడపలోకి వెనుదిరుగుతుంది. ప్రజలు ఏం చేసినా పాత పీడన కొత్త ముసుగులో వస్తుందనే ఈ నిరాశను నేను ఒప్పుకోను. అయినా ఉద్యమంలో ఉన్నవాళ్ళు దాటవేయకూడని ప్రశ్న అందులో ఉందని ఒప్పుకోవాలి: గెలిచాక మనం ఎలా ఉంటాం?

యువపాఠకులు ఆ నిరాశను పట్టుకోలేదు. ఒక సైగను పట్టుకున్నారు. నవలలో జిల్లావాసులు మూడు వేళ్ళు పెదవులకు ఆనించి గాలిలోకి చాస్తారు. అది కృతజ్ఞత, గౌరవం, వీడ్కోలు. 2014 మేలో థాయిలాండ్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. వీధుల్లో యువకులు మూడు వేళ్ళు ఎత్తారు. సైనిక ప్రభుత్వం ఆ సైగ చేసినవాళ్ళను నిర్బంధించింది. ఆ ఏడాది నవంబరులో ఖోన్ కేన్ నగరంలో విద్యార్థులు ప్రధాని ముందే వేళ్ళెత్తి అరెస్టయ్యారు. 2020 ఆగస్టులో బడిపిల్లలు జెండావందనం వరుసలో నిలబడి మూడు వేళ్ళెత్తారు. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైనిక కుట్ర జరిగాక ఆసుపత్రుల సిబ్బంది ఎత్తారు. అదే నెల 26న ఐక్యరాజ్యసమితిలో ఆ దేశపు రాయబారే ఎత్తాడు.

ఈ సంగతిలోని అంతరార్థం గమనించాలి. వ్యాపారం అమ్మిన సరుకులోంచి తమకు కావలసిన ఆయుధాన్ని పాఠకులు ఏరుకున్నారు. నవలలో గౌరవవందనంగా మొదలైన సైగకు బ్యాంకాక్ వీధుల్లో మరింత పదునైన అర్థం వచ్చింది. పుస్తకానికి అర్థం రచయిత దగ్గరే ముగిసిపోదని మనం ఎన్నో వ్యాసాల్లో రాసుకున్నాం. దాన్ని బడిపిల్లలు ప్రార్థన వరుసలో రుజువు చేశారు.

రెండు భాషల పిల్ల

మూడో ఉదాహరణ ఏంజీ థామస్ రాసిన 'ది హేట్ యు గివ్', 2017. 2009 జనవరి 1న ఓక్లాండ్ రైల్వే స్టేషన్లో ఆస్కార్ గ్రాంట్ అనే నల్లజాతి యువకుణ్ణి పోలీసు కాల్చిచంపాడు. అప్పుడు కాలేజీలో ఉన్న థామస్ ఆ దుఃఖంలో రాసిన కథానిక తర్వాత నవలగా పెరిగింది. కథానాయిక స్టార్ పదహారేళ్ళ నల్లపిల్ల. ఉండేది పేద నల్లవాడలో. చదివేది దూరాన తెల్లవాళ్ళ ప్రైవేటు బడిలో. వాడలో ఒక భాష, బడిలో ఒక భాష. బడిలో అడుగుపెట్టగానే తన మాటను, కోపాన్ని మడిచి దాచుకుంటుంది. చిన్ననాటి స్నేహితుడు ఖలీల్‌ను పోలీసు ఆమె కళ్ళముందే కాల్చేస్తాడు. పోలీసు తుపాకీ అనుకున్నది తల దువ్వుకునే బ్రష్‌ను. సాక్ష్యం చెప్పాలా, నోరు మూసుకోవాలా అన్నది నవల.

ఈ నవల చదువుతున్నంతసేపూ నాకు మన గురుకులాల్లో, ఇంగ్లీషు మీడియం బడుల్లో చదివే మొదటితరం పిల్లలే కనిపించారు. ఇంటి మాట బడిలో 'మొరటు' అవుతుంది. బడి మాట ఇంట్లో 'పోజు' అవుతుంది. ఆ చీలికను మోసేవాళ్ళు మన తరగతిగదుల్లో ఎంతమంది! వాళ్ళ గొంతుతో మనకు నవల ఏదీ?

2017 చివర్లో టెక్సాస్ రాష్ట్రం కేటీ విద్యామండలి, ఒక తండ్రి ఫిర్యాదు మీద ఈ పుస్తకాన్ని బడి లైబ్రరీలనుంచి తీసేసింది. అక్కడి విద్యార్థిని ఒకమ్మాయి దీనికి వ్యతిరేకంగా సంతకాలు సేకరించింది. 2018లో పుస్తకం తిరిగి వచ్చింది, తల్లిదండ్రుల అనుమతి ఉండాలనే షరతుతో. భాష బాగాలేదని ఫిర్యాదు. బూతుమాట కనిపించినంత త్వరగా పోలీసు తూటా పెద్దలకు కనిపించలేదన్నమాట.

మన దగ్గర ఏముంది?

మనకు అసలేమీ లేదనడం అన్యాయం. 1947లో మొదలైన చందమామ తెలుగు పిల్లలకు కథ చదివే అలవాటు నేర్పింది. మూడు దశాబ్దాలకు దగ్గరగా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు అభ్యుదయ, విప్లవ సాహిత్యోద్యమాల మనిషి. పిల్లలకు రాయడం చిన్నపని అని ఆయన అనుకోలేదు. కాని చందమామ లోకం రాజులదీ, వర్తకులదీ, భేతాళుడిదీ. పదిహేనేళ్ళవాడు తన వీధిని అందులో వెతుక్కోలేడు.

ఆ ఖాళీని కొంతకాలం సోవియట్ పుస్తకాలు నింపాయి. విశాలాంధ్ర దుకాణాల్లో చవకగా దొరికిన ఆ పుస్తకాలతో పెరిగిన తరం మనది. చింగీజ్ ఐత్మాతోవ్ 'తొలి ఉపాధ్యాయుడు' నా దృష్టిలో మేలైన కౌమార రచన. అక్షరాలు కూడబలుక్కుని చదివే దూయిషేన్ కిర్గిజ్ పల్లెలో పాడుబడ్డ కొట్టంలో బడి పెడతాడు. గడ్డకట్టే వాగులో పిల్లల్ని ఎత్తుకుని దాటిస్తాడు. అనాథ పిల్ల అల్తినాయ్‌ని పినతల్లి వరసావిడ రెండో పెళ్ళానికి అమ్మేస్తే విడిపించి చదువుకు పంపుతాడు. ఆడపిల్ల శరీరం మీద భూస్వామ్య సమాజానికున్న హక్కును ఆ కథ దాచలేదు. పదిహేనేళ్ళవాళ్ళు తట్టుకోలేరని మెత్తబరచలేదు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ పుస్తకాల ప్రవాహమూ ఆగిపోయింది. మిగతా పిల్లలు అద్దె పుస్తకాల షాపుల్లో డిటెక్టివులనూ, క్షుద్రశక్తులనూ, కారున్న కథానాయకులనూ ఆశ్రయించారు. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. ఆకలి ఉంది, మనం వండలేదు.

తెలుగులో నేరుగా వచ్చినవాటిలో నా పిల్లలకు చదివి వినిపించినవి కొన్ని ఉన్నాయి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' చిత్తూరు జిల్లా పల్లెమాటలో ఒక పేదరైతు ఇంటిని మన ముందు నిలబెట్టింది. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఒక ముస్లిం వాడలోని పిల్లవాడి కళ్ళతో పేదరికాన్నీ, పండగనూ, అవమానాన్నీ ఒకే గుక్కలో చెప్పాయి. గోగు శ్యామల కథ 'తాటకి'లో దొర దౌర్జన్యాన్ని ఎదిరించి గెలిచే దళిత బాలిక ఉంది. అన్వేషి సంస్థ చేపట్టిన పిల్లల కథల ప్రణాళికలో 2008లో ఇంగ్లీషులోనూ వచ్చింది. పదో తరగతి ఉపవాచకంలో రామాయణం చదివిన పిల్లలకు తాటక ఎవరో తెలుసు. ఆ పేరు ఈ కథలో ఎవరికి వచ్చిందో, ఎందుకు వచ్చిందో చూసినప్పుడు తరగతిలో పుట్టే నిశ్శబ్దం వేరు. ఆ తర్వాత పుట్టే వాదన మరీ వేరు.

అయితే వీటిలో మొదటి రెండూ ప్రధానంగా పెద్దలు తమ బాల్యాన్ని తలచుకుని పెద్దల కోసం రాసినవి. జ్ఞాపకానికి ఒక తీపి ఉంటుంది. ఎంత కష్టాన్ని చెప్పినా, దాన్ని దాటివచ్చాననే భరోసా వాక్యం అడుగున ఉంటుంది. ఇవాళ ఆ కష్టంలో ఉన్న పిల్లకు ఆ భరోసా లేదు. రేపు ఏమవుతుందో తెలియకుండానే ఆమె మాట్లాడాలి. ఆ వర్తమానపు గొంతు తెలుగు నవలలో వినిపించడం లేదు.

దాని వెల ఏమిటో కూడా చెప్పుకోవాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాక ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల్లో తప్పులు దొర్లాయని బయటపడి ఊరంతా గగ్గోలయింది. కవులు కవితలు రాశారు. సంపాదకీయాలు వచ్చాయి. కాని రెసిడెన్షియల్ కాలేజీ గదిలో తెల్లవారుజామున గంట కొట్టగానే లేచి కూర్చునే పిల్ల లోపల ఏం జరుగుతోందో ఆమె గొంతుతో చెప్పిన నవల కోసం నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను. నవల చావును ఆపుతుందని నేననడం లేదు. 'ఇది నాకొక్కదానికే జరగడం లేదు' అని తెలియడం మనిషికి ఎంత అండో అనుభవించినవాళ్ళకు తెలుసు. ఒంటరితనాన్ని సామాజిక సమస్యగా గుర్తుపట్టడమే చైతన్యానికి మొదటిమెట్టు అని మనమే కదా చెబుతూ వచ్చాం.

చెయ్యవలసిన పని

కౌమార సాహిత్యమంటే నీతులు చెప్పడం అనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. పాత నీతి స్థానంలో కొత్త నినాదం పెడితే అభ్యుదయమయిపోదు. చివరి పేజీలో హఠాత్తుగా జెండా పట్టుకునే కథానాయకుణ్ణి పిల్లలు ఇట్టే పసిగడతారు. ఈ వయసు పాఠకులకు నటన తెలిసిపోతుంది. నచ్చకపోతే మొహమాటం లేకుండా పుస్తకం మూసేస్తారు. వాళ్ళకోసం రాయడం పెద్దలకు రాయడం కంటే కష్టం.

రచయితలు రాసేలోగా మిగతావాళ్ళం చేయగలిగినవి ఉన్నాయి. మా బడిలో గోడపత్రికలో ఒక మూల 'నేను చదివింది' అని పెట్టాం. నచ్చిందని రాస్తే ఎందుకో రాయాలి, నచ్చలేదని రాసినా ఎందుకో రాయాలి. మాస్టారు దిద్దకూడదు. మొదట నాలుగు వాక్యాలు వచ్చేవి. ఇప్పుడు ఒకరు రాసినదాన్ని ఖండిస్తూ పక్కనే ఇంకొకరు అంటిస్తున్నారు. ఇంటిభాషలో రాస్తున్నారు. పుస్తకం కోసం ఇద్దరు పోట్లాడుకోవడం చూసే భాగ్యం ఉపాధ్యాయులకు తరచుగా దక్కదు.

ఇదే పని మన పత్రికలు ఎందుకు చెయ్యకూడదు? కొత్త పుస్తకాల సమీక్ష పక్కన, పదిహేనేళ్ళ పాఠకుల అభిప్రాయానికి ఒక పేజీ కేటాయించలేమా? ఇంగ్లీషులో వచ్చిన మంచి కౌమార నవలల్ని చవక ప్రతులుగా తెలుగులోకి తెచ్చుకోలేమా? శాఖా గ్రంథాలయాల్లో పోటీపరీక్షల బీరువా పక్కన ఈ వయసుకొక బీరువా కావాలని అడగలేమా? ఇవన్నీ సంఘాలకు సాధ్యమయ్యే పనులే.

సంతకాలు సేకరించినది ఒక విద్యార్థిని, మూడు వేళ్ళెత్తినది బడిపిల్లలు. వాళ్ళెవరూ విమర్శకుల అనుమతి కోసం ఎదురుచూడలేదు. మన పిల్లలూ చూడరు. పుస్తకం వాళ్ళచేతికి చేరేట్టు చూడటం, చదివాక వాళ్ళు చెప్పేది వినడం మాత్రం మన బాధ్యత. ఆ పేజీ ఈ పత్రికలోనే మొదలవ్వాలని సంపాదకవర్గానికి నా ప్రతిపాదన. మొదటి సంచికకు కావలసిన ఉత్తరాలు మా బడినుంచి నేను పంపగలను.